స్టెప్స్ వాచీ ఎవరి చేతికి ఉండాలి?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంట్‌లోనైనా పొద్దున్న ఆరున్నరకు కిందికి దిగితే తెలుగు వినపడుతుంది. అనంతపురం, నెల్లూరు, గుంటూరు నుంచి పిల్లల దగ్గరికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్లు ఎ బ్లాకు నుంచి డి బ్లాకు దాకా చుట్లు కొడుతుంటారు. చాలామంది చేతికి నల్ల పట్టీ వాచీ ఉంటుంది, పుట్టినరోజుకు కొడుకో కూతురో కొనిచ్చింది. దాంట్లో టైము కన్నా అడుగుల లెక్కే ఎక్కువగా చూసుకుంటారు. రాత్రి భోజనం వేళకు పది వేలు పూర్తి కాలేదని హాల్లో సోఫా చుట్టూ తిరిగేవాళ్లున్నారు. సీరియల్ చూస్తూ కూర్చున్నచోటే చెయ్యి ఊపి లెక్క సరిచేసే ఘనులూ ఉన్నారు.

ఇదివరకు ఈ నడకంతా షుగరు కోసం, గుండె కోసం. ఇప్పుడు వాటికి మెదడు తోడైంది. రోజూ నడిస్తే డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు, దగ్గరికి రాదని వాట్సాప్ గ్రూపుల్లో వారానికోసారైనా ఏదో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. అందులో నిజం లేకపోలేదు. కాకపోతే అది ఫార్వర్డ్‌లో చెప్పినంత సాఫీగా లేదు. ఇంకో సంగతేమిటంటే, ఆ నిజం వాచీ పెట్టుకున్న నాన్నకంటే దాన్ని కొనిచ్చిన కొడుక్కే ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఆ పది వేల సంగతి. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో జపాన్‌లో నడక మీద మోజు పెరిగింది. మరుసటి ఏడాది యమసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే మీటరు ఒకటి తెచ్చి దానికి ‘మాన్పో-కేయి’ అని పేరు పెట్టింది. అంటే ‘పది వేల అడుగుల మీటరు’. డాక్టర్లు పరిశోధించి తేల్చిన అంకె కాదది, సరుకు అమ్ముకోవడానికి నోటికి ఇంపుగా ఉందని పెట్టుకున్న పేరు. అరవై ఏళ్ల తర్వాత కూడా మన వాచీలు దాన్నే వేదంలా వల్లిస్తున్నాయి.

మెదడుకు సంబంధించి అడుగుల లెక్క తీసిన పెద్ద అధ్యయనం 2022లో వచ్చింది. బ్రిటన్‌లో 40 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 78,430 మంది చేతికి మీటరు కట్టి, తర్వాత దాదాపు ఏడేళ్లు వాళ్లలో ఎవరికి డిమెన్షియా వచ్చిందో చూశారు. రోజుకు 9,800 అడుగుల దగ్గర ముప్పు సగానికి సగం తక్కువగా కనిపించింది. 3,800 అడుగుల దగ్గరే పావు వంతు తక్కువ. ఫార్వర్డ్‌లలో మొదటి అంకే తిరుగుతుంది కానీ, మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషికి ఊరటనిచ్చేది రెండోది.

అంకెలు ఇంత ముచ్చటగా ఉన్నప్పుడే ఒక ప్రశ్న వేసుకోవాలి. నడిచేవాళ్లకు డిమెన్షియా రావడం లేదా, లేక డిమెన్షియా మొదలైనవాళ్లు నడక తగ్గించేస్తున్నారా?

ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇలా ఉంటుంది. అరవై ఆరేళ్ల పెద్దాయన, అప్పటిదాకా సంచీ పట్టుకుని కూరగాయలకు తానే వెళ్లేవాడు. ఉన్నట్టుండి ‘ఎందుకులే, ఫోన్‌లో తెప్పించు’ అనడం మొదలుపెడతాడు. మోకాలి నొప్పేమో అనుకుంటారు ఇంట్లోవాళ్లు. అసలు సంగతి, ఇచ్చిన ఐదువందల నోటుకు చిల్లర ఎంత రావాలో ఆయనకు తేలడం లేదు. తిరిగొచ్చేటప్పుడు ఏ సందులో మలుపు తిరగాలో ఒక్క క్షణం తోచడం లేదు. ఆ సంగతి పైకి చెప్పుకోలేక గడప దాటడం తగ్గించేశాడు. నాలుగైదేళ్ల తర్వాత న్యూరాలజిస్టు జబ్బు పేరు చెబుతాడు. ‘నడక మానేశాడు, అందుకే వచ్చింది’ అని బంధువులు తీర్పు చెప్పేస్తారు. ముందుది వెనక్కి, వెనకది ముందుకు వచ్చేసిందన్నమాట.

ఇది కేవలం అనుమానం కాదు. లండన్‌లో ప్రభుత్వోద్యోగులు 10,308 మందిని 1985 నుంచి పాతికేళ్లకు పైగా వెంటాడిన అధ్యయనం ఒకటుంది, దాని ఫలితం 2017లో వచ్చింది. నడివయసులో ఎంత వ్యాయామం చేస్తున్నామని చెప్పారో, తర్వాత ఎవరికి డిమెన్షియా వచ్చిందో పోల్చి చూస్తే రెండింటికీ సంబంధం కనపడలేదు. కనపడిందల్లా ఇంకొకటి. డిమెన్షియా తేలినవాళ్లలో శారీరక శ్రమ అంతకు తొమ్మిదేళ్ల ముందు నుంచే తగ్గుతూ వచ్చింది. ఏడేళ్లు మాత్రమే చూసిన అధ్యయనంలో తక్కువ నడిచినవాళ్లు కొందరు అప్పటికే జబ్బు దారిలో ఉన్నవాళ్లయి ఉండవచ్చు. ఆ పరిశోధకులకూ ఈ మెలిక తెలుసు, మొదటి ఏళ్లలో వచ్చిన కేసులు తీసేసి చూడటం లాంటి జాగ్రత్తలు తీసుకుంటారు. తొమ్మిదేళ్ల నీడను అలా పూర్తిగా తుడిచేయడం మాత్రం కష్టం.

చిక్కు తెగాలంటే చీటీలు వేసినట్టు మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపును నడిపించి, రెండోదాన్ని వేరే పనిలో పెట్టి చూడాలి. అలాంటి వాటిలో బాగా పేరొచ్చింది 2011లో అమెరికాలో చేసినది. 120 మంది పెద్దవాళ్లు, ఏడాది పాటు. సగం మంది వారానికి మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున నడిచారు, మిగతా సగం ఒళ్లు సాగదీసే కసరత్తులు చేశారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం, మెదడులో రెండు వైపులా చెవుల దగ్గర లోతుగా చిటికెన వేలంత ఉంటుంది. వయసుతో పాటు ఏటా ఒకటి రెండు శాతం అరుగుతుంది. నడిచినవాళ్లలో అది 2 శాతం పెరిగింది, సాగదీసినవాళ్లలో 1.4 శాతం తగ్గింది. ‘నడిస్తే మెదడు పెరుగుతుంది’ అనే వార్తలన్నిటికీ మూలం ఇదే. ఆ వార్తల్లో రాని మాట ఒకటుంది: జ్ఞాపకశక్తి పరీక్షలో రెండు గుంపులూ మెరుగయ్యాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

తర్వాత ఇంకా పెద్ద ప్రయత్నాలు జరిగాయి. 70 నుంచి 89 ఏళ్ల మధ్యవాళ్లు, ఒంటికి అంతగా పని చెప్పనివాళ్లు 1,635 మందిని తీసుకుని రెండేళ్ల పాటు నడక, కండబలం, బ్యాలెన్స్ కసరత్తులు చేయించారు. 2015లో ఫలితం వచ్చింది. ఆరోగ్యం మీద క్లాసులు విన్న గుంపుకూ వీళ్లకూ ఆలోచన పరీక్షల్లో తేడా రాలేదు. 2022లో మరో 585 మంది మీద వ్యాయామం, ధ్యానం విడివిడిగానూ కలిపీ చేయించి చూశారు. అక్కడా అంతే.

మరి ఈ తిరుగుడంతా దండగేనా? అలా కొట్టిపారేస్తే అదీ పొరపాటే. డిమెన్షియాలో ఎక్కువగా కనపడే రకమైన అల్జీమర్స్‌లో అమిలాయిడ్, టావ్ అనే ప్రోటీన్లు మెదడులో పేరుకోవడం మొదలయ్యాక లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అంత నింపాదిగా ముదిరే జబ్బు మీద, డెబ్బై ఐదేళ్లకు మొదలుపెట్టి రెండేళ్లు చేసిన కసరత్తు ప్రభావం పరీక్ష కాగితం మీద కనపడాలంటే ఎలా? పొట్ట దశలో చీడ పట్టిన వరికి నారుమడి మందు కొట్టి పనిచేయలేదన్నట్టు ఉంటుంది.

కదలిక మెదడుకు ఎలా చేరుతుందనే దాని మీద ప్రయోగశాలల్లో చాలా పని జరిగింది. 1999లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో, చక్రం మీద పరిగెత్తిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పెరగడం చూశారు. పెద్దవాళ్లయిన మనుషుల్లో అలా కొత్తవి పుడతాయా అన్నది ఇప్పటికీ తెగని వాదన. వ్యాయామంతో బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి నాడీకణాల మధ్య అతుకులు గట్టిపడతాయని, కండరాల నుంచి ఐరిసిన్ లాంటి పదార్థాలు రక్తంలోకి వస్తాయని కూడా చెబుతారు. ఆసక్తిగానే ఉంటుంది. కానీ వీటన్నిటికంటే నేల మీద నిలబడే దారి ఒకటుంది, అది రక్తనాళాలది.

శరీరం బరువులో మెదడు 2 శాతమే. వాడుకునే శక్తి మాత్రం 20 శాతం దాకా ఉంటుంది. ఆ సరఫరా అంతా వెంట్రుక కంటే సన్నని నాళాల మీదే నడుస్తుంది. పన్నెండు అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు పైన ఉంటుంది కదా, నీళ్ల ఒత్తిడి కింది అంతస్తుల్లోనే ఎక్కువ. మధ్యలో ఒత్తిడి తగ్గించే వాల్వు పాడైతే మొదటి అంతస్తులో కుళాయి వాషర్లు, గీజర్ పైపులు వరసగా పోతుంటాయి. అసోసియేషన్ సెక్రటరీని అడిగితే గంటసేపు చెబుతాడు. మన ఒంట్లో ఆ వాల్వు పని చేసేది గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం. వయసులో ఉన్నప్పుడు అది సాగుతుంది, ప్రతి కొట్టుకోలు దెబ్బనూ తనలో ఇముడ్చుకుంటుంది. ఏళ్ల తరబడి బీపీ, షుగరు, పొగ, కూర్చున్నచోటే కూర్చోవడం కలిస్తే అది బిరుసెక్కుతుంది. ఆ దెబ్బ నేరుగా మెదడులోని సన్న నాళాలకు తగులుతుంది. ఎమ్మారై తీయించినప్పుడు రిపోర్టులో ‘తెల్ల మచ్చలు ఉన్నాయి, వయసుతో వచ్చేవే’ అంటారే, వాటిలో చాలావరకు ఈ తెగిన వాషర్లే.

క్రమం తప్పని వ్యాయామం బీపీ ఉన్నవాళ్లలో పై అంకెను సుమారు 5 నుంచి 8 పాయింట్లు దించుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేసేలా చూస్తుంది. ఇందులో వివాదం లేదు. బీపీ దించితే మెదడుకు మేలన్న దానికీ ఆధారం ఉంది. 9,361 మందితో అమెరికాలో జరిగిన ప్రయోగంలో, పై అంకెను 140 బదులు 120 లోపుకు తెచ్చినవాళ్లలో స్వల్ప స్థాయి మతి తగ్గుదల 19 శాతం తక్కువగా కనపడింది. 2019లో వచ్చిన ఫలితం ఇది. డిమెన్షియా దాకా వెళ్లిన కేసుల్లో తేడా మాత్రం గట్టిగా నిలబడేంత రాలేదు. అక్కడ వాళ్లు వాడింది మాత్రలు, నడక కాదు. అందుకే బీపీ మాత్ర మానేసి నడకతోనే లాగించేద్దామనుకోవడం తెలివైన పని కాదు.

ఇక్కడే కొడుకు రంగంలోకి వస్తాడు. కన్నడంలో ‘అరవత్తక్కె అరళు మరళు’ అని సామెత, అరవై వస్తే మతి తప్పుతుందని. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు కూడా ఈ మాట అలవాటే. నిజానికి నాళాలు బిరుసెక్కడం, ప్రోటీన్లు పేరుకోవడం నలభై, యాభైల్లోనే మొదలవుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1968లో 38 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 191 మంది ఆడవాళ్లను సైకిల్ తొక్కించారు, ఇక తొక్కలేమనేదాకా. తర్వాత 44 ఏళ్లు వాళ్లను గమనించారు. దమ్ము బాగా ఉన్నవాళ్లలో డిమెన్షియా వచ్చినవాళ్లు 5 శాతం, మధ్యరకం వాళ్లలో 25, తక్కువ దమ్మున్నవాళ్లలో 32. చిన్న అధ్యయనం, దమ్ము బాగా ఉన్న గుంపులో ఉన్నది నలభై మందే. అయినా లండన్ అధ్యయనం పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తడుతుంది. అక్కడ ‘ఎంత వ్యాయామం చేస్తున్నారు’ అని అడిగి రాసుకున్నారు, ఇక్కడ ఊపిరితిత్తులనూ గుండెనూ అడిగారు. వ్యాయామం గురించి మనిషి చెప్పే లెక్క ఎలా ఉంటుందో జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి ఫిబ్రవరిలో మానేసినవాళ్లకు తెలుసు.

నాన్న కనీసం పొద్దున్నే నాలుగు చుట్లు కొడతాడు. కొడుకు తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే రాత్రి అమెరికా కాల్ అయ్యేదాకా లేవడు, ఆఫీసు ఉన్న రోజు అవుటర్ రింగ్ రోడ్డు మీద మూడు గంటలు కారులో. 2022 నాటికి మన దేశంలో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో 49.4 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని అంచనా. ఆడవాళ్లలో అది 57 శాతం. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్మార్) సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్లు దాటారు. వచ్చే ఇరవై ఏళ్ల డిమెన్షియా లెక్కకు ముడిసరుకు ఈ నలభై ఐదేళ్ల వాళ్ల బీపీలు, షుగర్లే.

పై అధ్యయనాలన్నీ బ్రిటన్, అమెరికా, స్వీడన్‌లవి. మన మనుషుల సంగతి తేల్చడానికి బెంగళూరులోనే ఒక ప్రయత్నం నడుస్తోంది. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో 45 ఏళ్లు దాటిన వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తోంది, నగరంలో వెయ్యి మంది లక్ష్యంగా ఇంకో అధ్యయనం పెట్టుకుంది. శ్రీనివాసపుర అంటే మామిడికి పేరు, ఊళ్లలో తెలుగు బాగా వినపడే ప్రాంతం కూడా. తెలుగు మాట్లాడే రైతు మెదడు గురించి తెలిసేది ఏదైనా అక్కణ్నుంచే రావచ్చు.

‘పల్లెల్లో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు ఈ జబ్బులుండవు’ అనే మాట తరచూ వింటుంటాం. లెక్కలు అలా లేవు. 2023లో ప్రచురించిన జాతీయ అంచనా ప్రకారం అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అది పట్నాల కంటే పల్లెల్లో, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. చదువు అందకపోవడం, బీపీకి వైద్యం అందకపోవడం లాంటివి చెమటను మించిపోతాయి. డెన్మార్క్‌లో కూడా బరువులెత్తే ఉద్యోగాలు చేసిన మగవాళ్లలో డిమెన్షియా తక్కువ కాదు సరికదా, ఎక్కువగా కనపడింది. విశ్రాంతి లేని చాకిరీ వేరు, ఇష్టంగా చేసే గంట నడక వేరు.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం, లాన్సెట్ కమిషన్, 2024 నివేదికలో ఒక లెక్క ఉంది. మార్చుకోగల 14 కారణాలను సరిదిద్దగలిగితే డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా తప్పించవచ్చునో, వెనక్కి నెట్టవచ్చునో అంటుంది. ఆ నలభై ఐదులో వ్యాయామం లేకపోవడం వాటా 2 శాతమే! వినికిడి తగ్గడానికి 7, చెడ్డ కొలెస్ట్రాల్‌కు 7, ఒంటరితనానికి 5. నడక ప్రియులకు ఇది నిరాశే. అయితే బీపీ, షుగరు, ఊబకాయం, డిప్రెషన్, కొలెస్ట్రాల్ అన్నీ వేరే ఖాతాల్లో రాసి, ఆ మిగిలినది వ్యాయామం పేర రాస్తే అంతే వస్తుంది. ఉమ్మడి కుటుంబంలో అందరి ఖర్చుల్లో చెయ్యి వేసినవాడి పేరు మీద పొలం లేనట్టు.

ఆ పట్టికను ఇంట్లో పెద్దవాళ్లకు వేరేలా చదవాలి. నాన్న టీవీ సౌండు పెంచుతూ పోతుంటే వాచీ కంటే ముందు చెవి మిషన్ కొనాలి. ‘చెవుడు మామూలే’ అని వదిలేస్తే ఆయన మాటల్లోంచి, తర్వాత మనుషుల్లోంచి తప్పుకుంటాడు. పైగా ఊరు మారి వచ్చినవాళ్లు. కింద నడకలో తెలుగువాడు తగలకపోతే రోజంతా మాటలేదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా పేషెంట్ల మీద డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. ఆమె ఇప్పుడు బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనే ఉన్నారు. డెబ్బై ఏళ్లకు కన్నడం నేర్చుకుంటే అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పలేదు. కూరగాయలామెతో నాలుగు కన్నడ ముక్కలు మాట్లాడటంలో నష్టమైతే లేదు, లిపి కూడా సగం మనదే.

ఎలాంటి నడక అనేదీ ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలు అంటుంది. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం ఉండాలి. కబుర్లతో కాళ్లీడ్చే చుట్లు ఆ లెక్కలోకి రావు, ఒంటరితనం ఖాతాలో మాత్రం అవే బంగారం. దాంతోపాటు కండబలానికి రెండు రోజులు, అరవై ఐదు దాటినవాళ్లకు బ్యాలెన్స్ కసరత్తులు మూడు రోజులు చెబుతుంది. మనవాళ్లు వదిలేసేది వీటినే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడానికి జిమ్ అక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ చుట్లలో ఒక దృశ్యం గమనించదగ్గది. ఇద్దరు నడుస్తుంటారు, ఒకాయన ఏదో అడుగుతాడు, రెండో ఆయన జవాబు చెప్పడానికి ఆగిపోతాడు. చెప్పాక మళ్లీ అడుగేస్తాడు. స్వీడన్‌లో 1997లో దీన్నే పరీక్షగా పెట్టారు. మాట్లాడటానికి నడక ఆపేసిన పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆర్నెల్లలోపు పడ్డారు. నడక కాళ్ల పని ఒక్కటే అనుకుంటాం. శ్రద్ధ కూడా ఖర్చవుతుంది, వయసు పైబడేకొద్దీ ఎక్కువ ఖర్చవుతుంది. బెంగళూరు ఫుట్‌పాత్‌ల మీద, పలకలు లేచి ఒకటి తగ్గి ఒకటి హెచ్చి ఉన్నచోట, ఈ ఖర్చు రెట్టింపు. తలకు దెబ్బ తగలడం లాన్సెట్ పట్టికలో 3 శాతం, గాలి కాలుష్యం ఇంకో 3. కాబట్టి రింగ్ రోడ్డు పక్కన వేగంగా నడిచేకంటే కాంపౌండులో నిదానంగా నడవడం, వీలైతే ఆదివారం లాల్‌బాగ్‌కు వెళ్లడం మేలు.

వ్యాయామం ఒక్కటే ఓడిన చోట కలగలుపు గెలిచిన దాఖలా ఉంది. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల 1,260 మందికి రెండేళ్లు వ్యాయామం, తిండి మార్పు, మెదడుకు పని, బీపీ షుగరు మీద నిఘా, అన్నీ కలిపి పెట్టారు. 2015లో ఫలితం వచ్చింది, మామూలు ఆరోగ్య సలహాలు మాత్రమే విన్న గుంపు కంటే వీళ్లే ఆలోచన పరీక్షల్లో ఎక్కువ మెరుగయ్యారు. అమెరికాలో 2,111 మందితో అదే పద్ధతి చేసి చూస్తే, 2025లో తేలిందేమిటంటే, గుంపుగా కలుస్తూ, అడిగేవాళ్లుండి, పద్ధతిగా చేసినవాళ్లు సొంతంగా చేసుకున్నవాళ్ల కంటే కొద్దిగా ఎక్కువ మెరుగయ్యారు. సొంతంగా చేసుకున్నవాళ్లూ మెరుగయ్యారు. ఇవి ఆలోచన పరీక్షల మార్కులు, జబ్బు ఆగిందని కాదు.

జబ్బు తేలిపోయాక మాట వేరు. ఇంగ్లండ్‌లో డిమెన్షియా ఉన్న 494 మందితో నాలుగు నెలలు జిమ్‌లో గట్టి కసరత్తు చేయించిన ప్రయోగం 2018లో వచ్చింది. ఒంట్లో బలం పెరిగింది, మతి తగ్గడం ఆగలేదు. పరీక్ష మార్కులు కసరత్తు గుంపులోనే కాస్త ఎక్కువ తగ్గాయి కూడా. అందుకని ‘నడువు నాన్నా, నడిస్తే బాగవుతుంది’ అని వెంటపడి ఇద్దరూ టెన్షన్ పడనక్కర్లేదు. ఆయనకు కిందికి దిగాలనుంటే దిగనివ్వాలి, పక్కన ఒకరుండి. ఎ బ్లాకు, డి బ్లాకు ఒకే రంగు, ఒకే లిఫ్టు, ఒకే రకం తలుపులు. గేటు దాటితే సెక్యూరిటీ వాళ్లకు తెలుగు రాకపోవచ్చు. చొక్కా జేబులో ఒక చీటీ పెట్టి, దాని మీద పేరు, ఫ్లాట్ నంబరు, కొడుకు ఫోన్ నంబరు కన్నడంలో కూడా రాసి ఉంచాలి.